సంతవీధిలో కాపురం

చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే మా సంఘంలోని కుటుంబాలు మొదట చేసే ఆలోచన మాదన్నపేట విడిచి వెళ్లాలని. ఎల్.బి.నగర్, వనస్థలిపురం, మీర్‌పేట, బడంగ్‌పేట, ఎక్కడైనా సరే, రాత్రి నిద్రపట్టే చోట రెండు గదుల ఇల్లు దొరికితే చాలంటారు. వారు చెప్పే కారణాలన్నీ నిజమైనవే. తెల్లవారకముందే బండ్ల చప్పుడు, పగలంతా బేరాల కేకలు, వానొస్తే కుళ్లిన ఆకులతో పొంగే మోరీ. పిల్లవాడు పుస్తకం పట్టుకుని కూర్చోవడానికి ఒక మూల దొరకదు. పెళ్లిచూపులకు వచ్చినవారికి బండి ఎక్కడ ఆపాలో తెలియదు.

అలా వెళ్లినవారి కోసం మేము ప్రార్థించి పంపాము. కొత్త ఇంట్లో కృతజ్ఞతా కూడిక జరిపి, భోజనం చేసి వచ్చాము. తిరిగి వచ్చే దారిలో మాత్రం ఒక ప్రశ్న మమ్మల్ని విడవదు. స్తోమత కలిగిన ప్రతి విశ్వాసీ వెళ్లిపోతే ఈ మండీలో ప్రభువును ఎవరి బ్రతుకులో చూస్తారు? ఇక్కడ మిగిలినవారు వెళ్లే దారిలేక మిగిలినవారా, దేవుడు ఉంచినవారా? సంతవీధి పక్కన కాపురం చేసే క్రైస్తవ కుటుంబం దేనితో పోరాడుతుందో, దేనిని నేర్చుకోవచ్చో ఈ వ్యాసంలో చెప్పాలని ఆశపడుతున్నాము.

పేరులోనే ఒక పాఠం

చార్మినార్‌కు తూర్పు వైపున, యాకుత్‌పురా, సైదాబాద్, సంతోష్‌నగర్ బస్తీల నడుమ ఉంది మా మాదన్నపేట. గోల్కొండను ఏలిన చివరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో ప్రధానిగా ఉన్న మాదన్న పేరు ఈ పేటకు వచ్చింది. అక్కన్న, మాదన్న అన్నదమ్ములు. తెలుగు బ్రాహ్మణులు. ముస్లిం రాజు వారిని నమ్మి రాజ్యభారం అప్పగించాడు. ఆ నమ్మకం చూసి ఓర్వలేనివారు ఉండనే ఉన్నారు. 1686లో అన్నదమ్ములిద్దరూ గోల్కొండలో హత్యకు గురయ్యారు. మరుసటి సంవత్సరం, 1687లో, గోల్కొండ ఔరంగజేబు వశమైంది.

ఒకరినొకరు నమ్మి కలిసి పనిచేయడం ఎంత బలమో, ఆ నమ్మకం చెడితే ఎంత నష్టమో ఈ పేట పేరే చెబుతుంది. ఈనాడు ఇక్కడ ఈద్గా ఉంది, గుళ్లున్నాయి, బోనాల ఊరేగింపు ఉంది, రంజాన్ నెలలో రాత్రంతా నిద్రపోని వీధులున్నాయి. వీటి మధ్య మాలాంటి చిన్న సంఘాలూ ఉన్నాయి. అందరినీ ఒకచోట చేర్చేది మాత్రం కూరగాయల మండీ. ఉల్లిగడ్డకు మతం లేదని ఇక్కడి వారు నవ్వుతూ అంటారు.

మండీ గడియారం

మండీలో పనిచేసేవారి గడియారం వేరు. చేవెళ్ల, షాబాద్, ఇబ్రహీంపట్నం వైపు రైతులు పండించిన ఆకుకూరలు, కూరగాయలు రాత్రికి రాత్రే నగరం చేరాలి. మహారాష్ట్ర ఉల్లిగడ్డ, ఆగ్రా ఆలుగడ్డ, మదనపల్లె టమాటా లారీలలో వస్తాయి. హమాలీ దించుతాడు. కమీషన్ ఏజెంటు వేలం పెడతాడు. మారుబేరగాడు కొంటాడు. అక్కడి నుండి తోపుడు బండికీ, గంపకూ చేరి, మన వంటింటికి వచ్చేసరికి తెల్లవారుతుంది. ఈ గొలుసులో ఏదో ఒక కొస పట్టుకుని బ్రతికేవారే మా సంఘంలో ఎక్కువమంది.

అటువంటి ఇంట్లో తండ్రి రాత్రి ఎనిమిదింటికే పడుకోవాలి, రెండింటికి లేవాలి. తల్లి నాలుగింటికి గంప ఎత్తాలి. రాత్రి తొమ్మిదింటికి కుటుంబ ప్రార్థన చేసుకోండి అని పుల్పిట్ మీద నుండి చెప్పడం తేలిక. ఆ సమయానికి ఆ ఇంట్లో సగం మంది నిద్రలో ఉంటారు. ఒక సోదరి దీనికి మంచి దారి కనిపెట్టింది. మధ్యాహ్నం రెండింటికి అందరూ కలిసి అన్నం తినేటప్పుడే వారి కుటుంబ ప్రార్థన. ఒక కీర్తన, పది వచనాల వాక్యం, చిన్న ప్రార్థన, తరువాత కంచాలు. బడి ఉన్న రోజుల్లో పిల్లల కోసం సాయంత్రం మరోసారి. దానియేలు మూడుసార్లు మోకరించాడని చదువుతాం గాని, అందరికీ అవే మూడు వేళలని ఎక్కడా చదవము. మీ ఇంట్లో అందరూ మెలకువగా ఉండే అరగంట ఏదో వెదకండి. అదే మీ బలిపీఠం.

పిల్లల చదువు మరో పెద్ద బరువు. ఒకే గది ఉన్న ఇంట్లో తండ్రి నిద్ర, తల్లి వంట, చెల్లెలి ఏడుపు, వీధిలోని మైకు, అన్నీ పాఠం మీదే పడతాయి. అందుకే సాయంత్రం ఆరు నుండి తొమ్మిది వరకు మా ప్రార్థనా మందిరం తలుపులు తెరిచే ఉంచుతున్నాము. చాపలు, రెండు ఫ్యాన్లు, మంచి వెలుతురు, మాట్లాడకూడదన్న ఒక్క నియమం. అంతకన్న ఏమీ లేదు. బస్తీ పిల్లలు ఎవరైనా రావచ్చు. బురఖా వేసుకున్న తల్లులు కూడా తమ పిల్లలను గుమ్మం దాకా తెచ్చి దించిపోతారు. మందిరం వారానికి ఒక్కరోజు తెరిచి ఆరు రోజులు తాళం వేసుకోవడానికి ఇచ్చింది కాదని ఆ పిల్లలే మాకు నేర్పారు.

ఆదివారం ఎవరిది?

ఉద్యోగస్థులకు ఆదివారం సెలవు. మండీకి ఆదివారం పండుగ. నగరమంతా సెలవు గనుక ఆ రోజే బేరం ఎక్కువ. ఉదయం తొమ్మిదిన్నరకు ఆరాధన అంటే మా వారిలో సగం మంది రాలేరు. వారిలో భక్తి తక్కువ అనుకోవడం తేలిక. కాని హమాలీకి సెలవు ఇచ్చే యజమాని లేడు. ఒక్క ఆదివారం మానితే తన జట్టులో చోటు పోవచ్చు.

నెహెమ్యా 13వ అధ్యాయంలో విశ్రాంతి దినాన సరుకులు తెచ్చిన వర్తకులను యెరూషలేము గుమ్మాల బయట నిలిపివేసిన సంగతి చదువుతాము. గమనించండి, నెహెమ్యా సరుకులు అమ్మినవారితో ఆగక యూదుల ప్రధానులను కూడా గద్దించాడు. కనుక మేము సంఘంలో రెండు మాటలు వేర్వేరుగా చెబుతున్నాము. సొంత దుకాణం ఉన్న విశ్వాసీ, నీ షట్టరు నీ చేతిలో ఉంది. ఆదివారం ఉదయం రెండు గంటలు దానిని దించడం నీ సాక్ష్యం. నీ దగ్గర పనిచేసే కుర్రవాడికి, అతడు ఏ మతస్థుడైనా, వారంలో ఒక పూట విశ్రాంతినివ్వడం కూడా నీ సాక్ష్యమే. ఇక కూలి చేసుకునే సోదరుడా, నీవు రాలేని వేళకు నిన్ను పిలిచి నిందించడం కన్న, నీవు రాగల వేళకు సంఘమే జరగడం న్యాయం.

ఆ విధంగా మధ్యాహ్నం మూడు గంటలకు రెండో ఆరాధన మొదలైంది. ఉదయం వేళను మార్చడం ఏమిటని కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తెరిచి చూపించాము. త్రోయలో విశ్వాసులు ఆదివారం కూడుకొని రొట్టె విరిచారు, పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగింది. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యౌవనస్థుడు నిద్రాభారంతో మూడో అంతస్తు నుండి పడ్డాడు. మా మూడు గంటల ఆరాధనలోనూ ఐతుకులు తక్కువేమీ కాదు. రాత్రి రెండింటికి లేచి బస్తాలు మోసినవారు మరి! ప్రసంగం మేమే కుదించుకున్నాము. నిద్రపోయినవాణ్ని పౌలు తిట్టలేదు, క్రిందికి దిగివెళ్లి కౌగిలించుకున్నాడు.

మండీ మనుషుల మధ్య వాక్యం చదివితే తెలిసిన వచనం కూడా కొత్తగా వినబడుతుంది. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని సంతవీధిలో ఊరకే నిలిచి ఉన్నవారిని పనికి పిలుస్తాడు. చివరి గంటలో పిలిచినవారికీ ఒక దేనారమే ఇస్తాడు. ముందు వచ్చినవారికి అన్యాయం జరిగిందా అని మనం తర్జనభర్జన పడుతుంటాం. ఒక హమాలీ సోదరుడు మాత్రం ఇలా అన్నాడు: “అయ్యగారూ, పొద్దుగూకే దాకా అడ్డా మీద నిలబడ్డవాడు సోమరి కాదు. వాణ్ని ఎవరూ పిలవలేదు. ఉత్త చేతులతో ఇంటికెట్ల పోవాలని వాడు ఏడుస్తుంటడు. ఆ దొరకు ఆ సంగతి తెలుసు.” ఆ ఉపమానం మీద మేము విన్న వ్యాఖ్యానాలలో ఇంతకన్న సూటిగా తగిలినది లేదు.

కాంటా ముందు భక్తి

సంతవీధిలో భక్తికి పరీక్ష కాంటా ముందు జరుగుతుంది. దొంగ త్రాసు యెహోవాకు హేయమని సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనమే చెబుతుంది. లేవీయకాండము 19వ అధ్యాయంలో న్యాయమైన తూనికల గురించిన ఆజ్ఞ, పొరుగువానిని ప్రేమించాలన్న ఆజ్ఞ ఉన్న అధ్యాయంలోనే ఉంది. ఈ రెండింటినీ దేవుడు ఒకే చోట పెట్టడం ఊరకే కాదు. కాంటా పళ్లెం కింద అంటించిన చిన్న అయస్కాంతం, అరిగిన రాళ్లు, తూకం పెరగాలని ఆకుకూర మీద చల్లిన నీళ్లు, పైన మంచివి పేర్చి కింద పుచ్చువి పెట్టిన బుట్ట, ఇవన్నీ పొరుగువాని జేబులో చెయ్యి పెట్టడమే. తూనికలు, కొలతల శాఖ ముద్ర కాంటా మీద ఉంటుంది. విశ్వాసి కాంటా మీద మరో ముద్ర ఉండాలి.

అయితే తప్పు అమ్మేవాడి వైపే ఉందా? సామెతలు 20వ అధ్యాయంలో కొనేవాడి సంగతి కూడా రాసి ఉంది. బేరమాడేటప్పుడు ఇది బాగాలేదు, అది బాగాలేదు అంటాడట. కొన్న తరువాత అవతలికి వెళ్లి గొప్పలు చెప్పుకుంటాడట! పెద్ద దుకాణంలో అట్ట మీద ముద్రించిన ధరకు మారు మాట్లాడకుండా చెల్లించి, ఎండలో కూర్చున్న ముసలమ్మ దగ్గర కొత్తిమీర కట్టకు రెండు రూపాయలు తగ్గించమని పావుగంట వాదించే విశ్వాసులు మనలో లేరా? కొసరు అడగడం మన అలవాటే. కాని ఆమె పొద్దున ఎంతకు కొన్నదో, సాయంత్రానికి ఎంత వాడిపోతుందో ఒక్కసారి ఆలోచించి కొసరు అడగండి.

కాంటా కన్న బరువైనది రోజు ఫైనాన్సు. 10,000 అప్పుగా రాసుకుని, ముందే వెయ్యి పట్టుకుని, చేతికి 9,000 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా వడ్డీ అనిపిస్తుంది. కాని అసలు ప్రతిరోజూ కొంత తిరిగిపోతూనే ఉంది గనుక, సంవత్సరం లెక్క వేస్తే నూటికి 75 రూపాయలు దాటుతుంది. ఒక్కరోజు జ్వరం వచ్చి బండి కదలకపోతే ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. నెహెమ్యా 5వ అధ్యాయంలో పొలాలు, ఇండ్లు, చివరికి పిల్లలను కుదువ పెట్టి మొరపెట్టినవారి గోడు సరిగ్గా ఇదే.

దీనికి ప్రార్థన ఒక్కటే మార్గమని చెప్పి ఊరుకోవడం సరికాదు. తోపుడు బండ్లవారికి, వీధి వర్తకులకు రక్షణగా 2014లో పార్లమెంటు చట్టం చేసింది. 2020లో వీధి వర్తకుల కోసం స్వనిధి పథకం వచ్చింది. పూచీకత్తు లేకుండా మొదటి విడతగా (ప్రారంభంలో 10,000 రూపాయల వరకు) బ్యాంకు నుండి అప్పు ఇచ్చి, సకాలంలో కట్టినవారికి ఆపై ఇంకా ఎక్కువ అప్పు ఇచ్చే ఏర్పాటు అది. చదువు వచ్చిన మన యౌవనస్థులు ఇటువంటి దరఖాస్తులు నింపిపెట్టడం కూడా పరిచర్యే. మా స్త్రీల సమాజం వారు నెలకు కొంత చొప్పున వేసుకున్న పొదుపు డబ్బు చిన్నదే. అయినా ఆసుపత్రి ఖర్చు వచ్చిన రోజున, ఫైనాన్సు గుమ్మం తొక్కకుండా కొందరిని ఆపగలిగింది.

పొరుగువాడు ఎవడు?

2012 ఏప్రిల్ 8 ఈస్టరు ఆదివారం. ఆ రోజు కూర్మగూడలో ఒక గుడిని అపవిత్రం చేశారన్న వార్త నిప్పులా పాకింది. రాళ్లు లేచాయి, బండ్లు పగిలాయి. మాదన్నపేట, సైదాబాద్ పోలీసు స్టేషన్ల పరిధిలో కర్ఫ్యూ విధించారు. గొడవ రేపడానికి కొందరు కావాలని చేసిన పని అది అని తరువాత పోలీసు దర్యాప్తులో తేలింది. అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది.

కర్ఫ్యూ అంటే చదివేవారికి పత్రికలో ఒక వార్త. మండీలో బ్రతికేవారికి అది కుళ్లిపోయే టమాటా, కట్టలేని వాయిదా, పాలు లేని పసిబిడ్డ. సమాధి ఖాళీ అయిందని ఆనందించవలసిన పండుగ నాడు వీధి సమాధిలా మారింది. ఆ రోజుల్ని తలచుకుని మా సంఘంలోని పాతవారు చెప్పేది ఒకటే. సడలింపు దొరికిన కొద్ది గంటల్లో ఏ ఇంటివారు ఏ ఇంటికి పాల ప్యాకెట్టు అందించారో, ఎవరు ఎవరి పిల్లను లోపలికి లాక్కుని తలుపు వేశారో, వారికి ఇప్పటికీ గుర్తు. రాళ్లు వేసినవారి పేర్లు ఎవరూ చెప్పరు. 2020లో కరోనా లాక్‌డౌను వచ్చినప్పుడు కూడా అదే పొరుగుతనం మళ్లీ అక్కరకు వచ్చింది. ఆపద వచ్చిన నాడు కొత్తగా స్నేహం చేసుకోలేం. ముందునుండే పలకరింపు ఉంటేనే ఆ రోజు తలుపు తెరుచుకుంటుంది. రంజాన్ నాడు ఇంటికి వచ్చిన షీర్‌ఖుర్మా గిన్నెను ఉత్తగా తిప్పి పంపకండి. క్రిస్మస్ కేకు అడుగున పెట్టి పంపండి.

ఇది మా పేటకే వచ్చిన పరిస్థితి అనుకోవద్దు. ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో కియాపో అనే వ్యాపార కేంద్రం ఉంది. అక్కడ పేరుపొందిన పాత చర్చి చుట్టూ అంగళ్లే అంగళ్లు. ప్రతి శుక్రవారం వేలాదిమంది బజారును తోసుకుంటూ ప్రార్థనకు వస్తారు. అదే కియాపోలో 1976లో కట్టిన బంగారు గుమ్మటపు మసీదు ఉంది, దాని చుట్టూ ముస్లిం కుటుంబాలు, వారి దుకాణాలు ఉన్నాయి. ఆరాధన పద్ధతుల్లో మనకూ ఆ చర్చివారికీ తేడాలు ఉండవచ్చు. కాని అంత రద్దీలోనూ చర్చి సంతను వదిలి ప్రశాంతమైన చోటు వెదుక్కుంటూ వెళ్లలేదన్నది గమనించదగ్గ సంగతి.

వెళ్లేవారికి, ఉండేవారికి

ప్రభువు పరిచర్యలో సంతవీధికి పెద్ద చోటు ఉంది. మార్కు 6వ అధ్యాయం చివర, ఆయన ఏ ఊరికి వెళ్లినా జనులు రోగులను సంతవీధులలో ఉంచారని చదువుతాము. ఏథెన్సులో పౌలు సమాజమందిరంతో ఆగక ప్రతిదినం సంతవీధిలో కనబడినవారితో మాట్లాడాడు. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుడుతూ ఏడాదిన్నర ఉన్నాడు. ఫిలిప్పీలో మొదట ఇంటి తలుపు తెరిచినది ఊదారంగు సరుకు అమ్ముకునే లూదియ. సువార్త మొదటినుండీ సంత దారినే నడిచింది.

కనుక వెళ్లిపోవడం పాపమా? కాదు. రోగి అయిన తల్లికి గాలి వెలుతురు కావాలి, ఎదిగిన ఆడపిల్లకు గది కావాలి. అటువంటి అవసరానికి వెళ్లేవారిని సంఘం సంతోషంగా పంపాలి. అయితే ఆదికాండము 13వ అధ్యాయంలో లోతు ఎలా ఎంచుకున్నాడో మరువకండి. నీళ్లు పారే మైదానం చూసి డేరా తీశాడు, పొరుగున ఎవరున్నారో చూడలేదు. అబ్రాహాము డేరా వేసిన చోటల్లా బలిపీఠం కట్టాడు. మీరు వెళ్లే కాలనీలో మీ బలిపీఠం ఉంటుందా? మీరు విడిచివచ్చిన వీధిలో మీరు నేర్పిన పిల్లవాడు, మీరు ప్రార్థించిన పొరుగింటివారు, వారి సంగతి ఏమిటి? నెలకు ఒక్కసారైనా తిరిగివచ్చి ఆ చాపల మీద పిల్లలకు లెక్కలు చెప్పండి. మీరు ఇచ్చే కానుక కన్న అది విలువైనది.

ఉండేవారికి యిర్మీయా 29వ అధ్యాయం. తమకు ఇష్టంలేని నగరంలో చిక్కుకున్నవారికి ప్రవక్త రాసిన ఉత్తరం అది. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెండ్లిళ్లు చేయండి, ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అన్నది దాని సారం. బబులోను కోసమే అలా ప్రార్థించమన్న దేవుడు మాదన్నపేట కోసం ప్రార్థించవద్దంటాడా? మండీకి మంచి బేరం, మోరీకి మంచి దారి, వీధికి నెమ్మది, ఇవి మన ప్రార్థనలో ప్రతిరోజూ ఉండవలసిన సంగతులు. దారిలేక ఉన్నామని అనుకున్నంతకాలం ఈ సందు మనకు చెరసాల. దేవుడు ఉంచాడని నమ్మితే ఇదే సందు మన పొలం.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకోవడానికి:

1. మన ఇంటికి కుడి ఎడమల ఉన్న రెండు కుటుంబాల పేర్లు, వారి అవసరాలు మనకు తెలుసా?

2. మన అమ్మకంలో గాని, కొనుగోలులో గాని ఈ వారం సరిచేసుకోవలసినది ఏమైనా ఉందా?

3. మన ఇంట్లో అందరూ కలిసి మోకరించగల సమయం ఏది?

4. ఇల్లు మారాలని ఆలోచిస్తుంటే, ఆ కారణాలను ప్రభువు ఎదుట ఒక్కొక్కటిగా చెప్పి ప్రార్థించామా?